ఒక్క రూలు మారిస్తే... ఆటే మారిపోతుంది!

వీధి క్రికెట్‌కు రూల్స్ పుస్తకం ఉండదు. రూల్స్ మాత్రం బోలెడుంటాయి. బంతి ఎదురింటి గోడ దాటితే అవుట్. నేలమీద ఒక్కసారి పడి లేచిన బంతిని ఒంటిచేత్తో పట్టినా అవుట్. ఈ రూల్స్ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కానీ వాటి మహిమ చూడండి... గోడ రూలు వచ్చిన రోజు నుంచీ సిక్సర్ల వీరుడు కాస్తా బుద్ధిగా ఒక్కో పరుగూ తీయడం నేర్చుకుంటాడు. బ్యాటు మారలేదు. బంతి మారలేదు. ఆడే పిల్లలూ మారలేదు. మారింది ఒక్క రూలే. దాంతో ఆటే మారిపోయింది!

వీడియోగేముల విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. కాకపోతే బయట నుంచి చూసేవాళ్లకు అది కనిపించదు. ముఖ్యంగా అంతరిక్ష యుద్ధాల ఆటలంటే పెద్దవాళ్లకు ఒకటే అభిప్రాయం... 'ఏముంది అందులో? టపటపా కాల్చడమేగా!' ఒక చిన్న నౌక, చుట్టూ శత్రువులు, చెవులు చిల్లులుపడే చప్పుడు, తెరనిండా మెరుపులు. నిజమే, పైపైన చూస్తే అంతే. కానీ ఆ మెరుపుల వెనక ఏముందో తెలియాలంటే ఒక ఆట కథ చెప్పుకోవాలి. పేరు 'జామెట్రీ వార్స్'. డబ్బాలో వచ్చిన ఆట కాదు, షాపులో దొరికే సీడీ కాదు. నెట్‌లో డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే చిన్న ఆట. బొమ్మలు చూస్తే పిల్లల లెక్కల పుస్తకంలోవే... చతురస్రాలు, వృత్తాలు, వజ్రాల్లాంటి ఆకారాలు. అయినా ఆ లెక్కల బొమ్మలే లక్షల మందిని తెరకు కట్టిపడేశాయి. అదెలా?

పరీక్ష కోసం పుట్టిన ఆట

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ అనగానే చాలామందికి బీటిల్స్ బృందం గుర్తొస్తుంది, లేకపోతే ఫుట్‌బాల్ జట్టు. అదే ఊళ్లో 'బిజార్ క్రియేషన్స్' అనే వీడియోగేముల కంపెనీ ఉండేది. కార్ల పందేల ఆటలకు దానికి మంచి పేరు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ కోసం 'ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్' అనే ఆటను తయారుచేసింది వీళ్లే.

ఎక్స్‌బాక్స్ ఆటలాడే పరికరానికి రెండు చిన్న పుల్లలుంటాయి. ఎడమ బొటనవేలికి ఒకటి, కుడి బొటనవేలికి ఒకటి. ఏ దిక్కుకు ఎంత వంచితే అంత స్పందిస్తాయి. ఈ పుల్లలు ఎలా పనిచేస్తున్నాయో చూసుకోవడానికి స్టీఫెన్ కేక్‌బ్రెడ్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్న ఆట రాశాడు. ఎడమ పుల్లతో నౌక కదులుతుంది, కుడి పుల్లతో తూటాలు వెళ్తాయి. అంతే! అమ్ముదామనో, పేరు తెచ్చుకుందామనో రాసింది కాదది. కొత్త పెన్ను కొన్నాక కాగితంమీద నాలుగు గీతలు గీసి చూసుకుంటామే, అలాంటిదన్నమాట.

ఆ గీతలే బొమ్మయ్యాయి. 2003లో 'ప్రాజెక్ట్ గోథమ్ రేసింగ్ 2' వచ్చినప్పుడు అందులో ఒక గ్యారేజీ పెట్టారు. ఆడేవాళ్లు తమ కార్లన్నీ అక్కడ చూసుకోవచ్చు. ఆ గ్యారేజీలో ఓ మూల పాతకాలపు వీడియోగేము పెట్టె ఉంటుంది. దాని దగ్గరకెళితే ఈ చిన్న ఆట మొదలవుతుంది. ఆటలో ఆట! కారు పందేనికని కూర్చున్నవాళ్లు గ్యారేజీలోనే ఆగిపోవడం మొదలుపెట్టారు.

2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది. దాంతోపాటే 'లైవ్ ఆర్కేడ్' పేరుతో మైక్రోసాఫ్ట్ తన నెట్ దుకాణాన్ని ముస్తాబు చేసింది. దాని కోసం గ్యారేజీ మూలనున్న ఆటకు కొత్త రంగులద్ది 'జామెట్రీ వార్స్: రెట్రో ఎవాల్వ్‌డ్' పేరుతో విడిగా అమ్మకానికి పెట్టారు. ధర 5 డాలర్లు. అప్పటి లెక్కలో 225 రూపాయల పైచిలుకు. డిస్కులో వచ్చే పెద్ద ఆటలేమో ఒక్కొక్కటి 60 డాలర్లు!

ఇంకో సంగతి. మొదట్లో ఆ దుకాణంలో ఆటలకు ఒక షరతు ఉండేది. సైజు 50 ఎంబీ దాటకూడదు. అంటే ఓ పది ఎంపీ3 పాటలంత! ఆ కాస్త చోటులో సినిమాల్లాంటి దృశ్యాలూ, మాట్లాడే పాత్రలూ ఇరికించడం కష్టం. మరి ఏం పెట్టాలి? రూల్స్ పెట్టాలి. రూల్స్‌కు ఎంబీలు అక్కర్లేదు కదా.

గళ్ల మైదానంలో రంగుల గొడవ

ఆట మొదలుకాగానే తెరమీద ఒక దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. గ్రాఫ్ కాగితంలా దాన్నిండా సన్నని గళ్లు. మధ్యలో మీ నౌక... పీత కొండిలా ఉండే చిన్న తెల్లటి గీత. నాలుగువైపులా గోడలే. పారిపోవడానికి దారి లేదు.

ఇక శత్రువులు వస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో ఆకారం, ఒక్కో రంగు, ఒక్కో గుణం. ఊదారంగు గాలిపంకా ఎటుపడితే అటు తిరుగుతుంటుంది, మిమ్మల్ని పట్టించుకోదు. నీలం వజ్రం తిన్నగా మీ మీదికే వస్తుంది. ఆకుపచ్చ చతురస్రం మహా గడుసుది, తూటా వస్తుంటే పక్కకు తప్పుకుంటుంది. గులాబీరంగు చతురస్రాన్ని కొడితే చావదు, చిన్నచిన్న ముక్కలై మళ్లీ మీదకొస్తుంది. తోకతో వచ్చే పాముకు తలమీద కొడితేనే దెబ్బ, తోకమీద ఎన్ని తూటాలు కాల్చినా వృథా. ఎర్రటి వృత్తమైతే చుట్టూ ఉన్న సమస్తాన్నీ తనలోకి లాక్కుంటుంది, మీ నౌకతో సహా. దాని దగ్గర గళ్ల మైదానం కూడా నొక్కిన పరుపులా లోపలికి కుంగుతుంది.

గమనించారా? ఒక్కో శత్రువుకు ఉన్నది ఒక్కటే అలవాటు. విడివిడిగా చూస్తే ఐదేళ్ల పిల్లాడికీ అర్థమవుతుంది. నలుగురు కలిసి వచ్చినప్పుడే చిక్కంతా. నీలం వజ్రాల్ని తప్పించుకుంటూ పోతుంటే ఎదురుగా ఆకుపచ్చవి. వాటిని ఒకపక్కకు తోలుదామంటే వెనక ఎర్రటి వృత్తం లాగేస్తుంటుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక్కొక్కరితో మాట్లాడటం తేలికే, అందరూ ఒకేచోట చేరిన పెళ్లింట్లోనే కదా అసలు పరీక్ష!

చిల్లర నాణేల నాటి నుంచి

ఈ ఆట ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీనికో వంశవృక్షం ఉంది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, అతడి స్నేహితులు కలిసి 'స్పేస్‌వార్' అనే ఆట రాశారు. రెండు నౌకలు, మధ్యలో ఒక నక్షత్రం. దాని ఆకర్షణశక్తికి చిక్కకుండా ఒకరినొకరు కాల్చుకోవాలి. జామెట్రీ వార్స్‌లోని ఎర్రటి వృత్తానికి ముత్తాత ఆ నక్షత్రమే అనుకోవచ్చు.

1978లో జపాన్ నుంచి 'స్పేస్ ఇన్‌వేడర్స్' వచ్చింది. సృష్టికర్త తొమొహిరో నిషికాడో. పైనుంచి వరుసలు కట్టి దిగే శత్రువులు, కింద అటూ ఇటూ కదిలే మీ ఫిరంగి. అందులో ఒక తమాషా ఉంది. శత్రువులు తగ్గుతున్నకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. ఇది ముందుగా వేసుకున్న పథకం కాదు. అప్పటి కంప్యూటరు చిప్‌కు అంతమందిని ఒకేసారి తెరమీద గీయడం భారమయ్యేది. కొందరు చచ్చాక భారం తగ్గి మిగతావాళ్లు చకచకా కదిలేవారు. నిషికాడో అది చూసి, సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. అలా చిప్‌కున్న బలహీనతే ఆటకు ప్రాణంగా మారింది.

1979లో అటారీ కంపెనీ 'ఆస్టరాయిడ్స్'ను తెచ్చింది. కొడితే ముక్కలయ్యే రాళ్లు అందులోవే. 1982లో యూజీన్ జార్విస్, ల్యారీ డెమార్ కలిసి 'రోబోట్రాన్: 2084' తయారుచేశారు. మనుషుల్లో మిగిలిన ఆఖరి కుటుంబాన్ని రోబోల బారి నుంచి కాపాడటం అందులో కథ. దానికి రెండు పుల్లలు... ఒకటి నడవడానికి, ఒకటి కాల్చడానికి. ఇరవై ఏళ్ల తర్వాత లివర్‌పూల్‌లో కేక్‌బ్రెడ్ వాడింది ఈ పద్ధతినే.

ఆనాటి ఆటలు చాలావరకు బజార్లో పెట్టెల్లో ఉండేవి. నాణెం వేస్తేనే ఆట. ఒక్క నాణేనికి ఒకడు గంటసేపు ఆడితే పెట్టె యజమానికి ఏం మిగులుతుంది? కాబట్టి ఆటగాడు త్వరగా ఓడిపోవాలి. ఓడినా 'అరె, కొంచెంలో పోయిందే' అనిపించాలి. అప్పుడే ఇంకో నాణెం బయటికొస్తుంది! జామెట్రీ వార్స్‌కు నాణేలతో పనిలేదు. ఒక్కసారి 5 డాలర్లు కడితే చాలు, ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు. అయినా ఆ పాత కాఠిన్యాన్ని వదల్లేదు. ఇందులోనూ గెలుపనేది లేదు. ఎంత గొప్ప ఆటగాడైనా చివరికి ఓడాల్సిందే. ఎంతసేపు నిలబడ్డాడు, ఎంత స్కోరు చేశాడు అన్నదే లెక్క.

ఆశకూ భయానికీ మధ్య

2008 జులైలో రెండో భాగం వచ్చింది. 'జామెట్రీ వార్స్: రెట్రో ఎవాల్వ్‌డ్ 2'. ధర 10 డాలర్లు. ఇందులో చేసిన ఒక చిన్న మార్పును చెప్పుకుతీరాలి.

మొదటి భాగంలో శత్రువుల్ని కొడుతున్నకొద్దీ మీ పాయింట్లు రెట్టింపు, మూడింతలు, అలా పది రెట్ల దాకా పెరిగేవి. ప్రాణం పోతే మళ్లీ మొదటికి. కాబట్టి తెలివైనవాళ్లు మైదానంలో గుండ్రంగా తిరుగుతూ, శత్రువులకు దూరంగా ఉంటూ కాల్చేవారు. రెండో భాగంలో అలా కుదరదు. చచ్చిన ప్రతి శత్రువూ ఒక చిన్న ఆకుపచ్చ రవ్వను వదిలి పోతుంది. ఆ రవ్వల్ని ఏరుకుంటేనే పాయింట్ల గుణకం పెరుగుతుంది. ఆలస్యమైతే అవి మాయమైపోతాయి. ఏరుకోవాలంటే ఎక్కడికెళ్లాలి? ఇంతకుముందే శత్రువులున్న చోటికి, ఇంకా వస్తున్న చోటికి!

దూరం నుంచి కాల్చేవాడికి ప్రాణం దక్కుతుంది గానీ స్కోరు దక్కదు. దగ్గరికెళ్లేవాడికి స్కోరు దక్కుతుంది, ప్రాణానికి పూచీ లేదు. ఆశ ముందుకు లాగుతుంటే భయం వెనక్కు లాగుతుంటుంది. ప్రతి క్షణం ఆ రెంటి మధ్యా బేరమే. ఒక్క రూలుతో పిరికి ఆట కాస్తా సాహసాల ఆట అయిపోయింది.

ఒకే పేక... ఆరు ఆటలు

పేకముక్కలు 52. వాటితోనే రమ్మీ ఆడొచ్చు, తురుపు ఆడొచ్చు, బ్లఫ్ కూడా ఆడొచ్చు. ముక్కలవే, ఆటలు వేరు. రెండో భాగంలో కేక్‌బ్రెడ్ బృందం చేసింది అదే. అదే నౌక, అవే శత్రువులు, అదే మైదానం. కానీ ఆరు ఆటలు. వీటినే 'మోడ్స్' అంటారు.

మొదటిది 'డెడ్‌లైన్'. సమయం మూడు నిమిషాలు. ప్రాణాలు ఎన్నయినా! చచ్చినా వెంటనే లేస్తారు. ఇక్కడ ప్రాణం చవక, సెకను ఖరీదు. మామూలుగా ఆచితూచి ఆడేవాళ్లు కూడా ఇందులో రెచ్చిపోతారు.

రెండోది 'కింగ్'. మైదానంలో అక్కడక్కడా గుండ్రటి రక్షణ వలయాలుంటాయి. వాటి లోపల ఉంటేనే తూటా పేలుతుంది. శత్రువులు లోపలికి రాలేరు. భలే బాగుందే అనుకునేలోపే... మీరు అడుగుపెట్టిన వలయం కుంచించుకుపోవడం మొదలవుతుంది. అది మాయమయ్యేలోపు ఇంకో వలయానికి పరుగెత్తాలి. దారిలో చేతిలో ఆయుధం ఉండదు. ఉన్నది ఒక్కటే ప్రాణం. మన కుర్చీలాట గుర్తొస్తోందా? కాకపోతే ఇక్కడ పాట ఆపేది ఎవరో కాదు, మీరే.

మూడోది 'ఎవాల్వ్‌డ్'. ఇది మొదటి భాగానికి వారసుడు. కొన్ని ప్రాణాలు, కొన్ని బాంబులు ఇచ్చి వదిలేస్తారు. ఎంతసేపు నిలిస్తే అంత. ఓపికకు, నిలకడకు పరీక్ష.

నాలుగోది 'పసిఫిజం'. అంటే శాంతివాదం. దీని గురించి విడిగా చెప్పుకోవాలి.

ఐదోది 'వేవ్స్'. నారింజరంగు రాకెట్లు బారులు తీరి ఒక గోడ నుంచి ఎదుటి గోడకు దూసుకొస్తాయి, మళ్లీ వెనక్కు తిరుగుతాయి. పక్కనుంచి ఇంకో బారు. నాలుగువైపులా రైళ్లు వస్తున్న జంక్షన్ మధ్యలో నిలబడ్డట్టే. ఇందులోనూ ఒకటే ప్రాణం.

ఆరోది 'సీక్వెన్స్'. ఇరవై స్థాయులు, ఒక్కోదానికి 30 సెకన్లు. ఏ స్థాయిలో ఏ శత్రువులు ఎక్కడి నుంచి వస్తారో ముందే రాసిపెట్టి ఉంటుంది. మిగతా ఆటల్లో వేళ్ల చురుకుదనం ముఖ్యమైతే ఇందులో జ్ఞాపకశక్తి ముఖ్యం. నిన్న తప్పిన లెక్క ఇవాళ మళ్లీ అదే వరసలో వస్తుంది.

ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి తొందర నేర్పుతుంది, ఇంకొకటి నిదానం. ఒకదానిలో ధైర్యం కావాలి, మరోదానిలో గుర్తుపెట్టుకోవడం కావాలి. తెరమీద మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గది గుమ్మం దగ్గర నిలబడి చూసే అమ్మకు 'వీడు పొద్దున్నుంచీ అదే ఆట ఆడుతున్నాడు' అనిపించేది అందుకే!

తుపాకీ లేని యుద్ధం

ఇప్పుడు ఆ నాలుగో ఆట సంగతి. దీని పుట్టుక మరీ చిత్రం.

ఎక్స్‌బాక్స్ 360 ఆటల్లో 'అచీవ్‌మెంట్స్' అని ఉంటాయి. ఫలానా ఘనకార్యం చేస్తే ఒక బిరుదు ఇస్తారన్నమాట. మొదటి భాగంలో అలాంటి బిరుదుల్లో ఒకదాని పేరు 'పసిఫిజం'. ఆట మొదలైన దగ్గర్నుంచి 60 సెకన్లపాటు ఒక్క తూటా కూడా కాల్చకుండా బతికి ఉంటే అది మీదే. కాల్చడం కోసమే పుట్టిన ఆటలో కాల్చకుండా ఉండటం! సరదాకి పెట్టినట్టుండే ఆ షరతు ఆటగాళ్లకు కొత్త దారి చూపింది. కుడి బొటనవేలిని పక్కన పెట్టేసి, శత్రువుల్ని వెంట తిప్పుకుంటూ, సందుల్లోంచి జారుకుంటూ ఆడటంలో ఇంకో రకం మజా ఉందని తెలిసింది.

రెండో భాగంలో ఆ బిరుదే ఒక పూర్తి ఆటగా మారింది. నౌకకు ఆయుధం లేదు. బాంబులూ లేవు. ప్రాణం ఒక్కటే. నీలం వజ్రాలు గుంపులు గుంపులుగా మీ వెంట పడతాయి. మైదానంలో అక్కడక్కడా చిన్న గేట్లు తేలుతుంటాయి. రెండు కొసల మధ్య ఒక గీత, అంతే. గీత మధ్యలోంచి దూసుకెళితే గేటు పేలి, చుట్టుపక్కలున్న శత్రువులు పోతారు. కొసకు తగిలారా... మీరే పోతారు!

చుట్టూ ఎవరూ లేనప్పుడు గేటు దాటితే ఉపయోగం తక్కువ. కాబట్టి ఏం చేయాలి? శత్రువుల్ని కూడగట్టుకోవాలి. వందమందిని వెనకేసుకుని, వాళ్లు తాకబోయే ఆఖరి క్షణంలో గేటులోంచి దూరిపోవాలి. వెంట తరిమేవాళ్లు ఎంత దగ్గరగా ఉంటే ఫలితం అంత గొప్పగా ఉంటుంది. ఆపైన వెనక్కి తిరిగి ఆకుపచ్చ రవ్వలు ఏరుకోవాలి. అప్పటికి ఇంకో గుంపు సిద్ధం.

తుపాకీ తీసేస్తే తుపాకీ ఆట చప్పగా అయిపోవాలి. కానీ జరిగింది అది కాదు. ఆరింటిలోనూ అభిమానులు ఎక్కువగా తలచుకునేది దీన్నే. ఆయుధం ఉన్నప్పుడు చూపంతా శత్రువుమీద ఉంటుంది. అది లేనప్పుడు చూపు ఖాళీమీద పడుతుంది. ఎక్కడ సందుంది, ఎటు దారుంది అని వెతుకుతుంది. చేతిలో ఉన్నదాన్ని ఒకటి తీసేస్తే బుర్ర ఎలా పదునెక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మూడు నిమిషాల ముచ్చట

అన్నీ బాగానే ఉన్నాయి. మరి వ్యసనం సంగతో? అడగాల్సిన ప్రశ్నే.

ఈ ఆటకు ముగింపు లేదని ముందే చెప్పుకున్నాం. కథ అయిపోయింది, ఇక లేద్దాం అనే అవకాశం ఉండదు. దానికి తోడు రెండో భాగంలో ఇంకో కిటుకు పెట్టారు. నెట్‌లో మీ స్నేహితులెవరైనా అదే ఆట ఆడుతుంటే, వారిలో మీకంటే ఒక మెట్టు పైనున్నవారి స్కోరు తెరమీద కనిపిస్తూ ఉంటుంది. ప్రపంచ విజేత స్కోరు కాదు, పక్కింటివాడి స్కోరు! ఎక్కడో ఉన్నవాడు కోటి పాయింట్లు కొడితే మనకేం కాదు. మనతో చదువుకున్నవాడు మనకంటే వెయ్యి ఎక్కువ కొడితే నిద్రపట్టదు. మనిషి బలహీనతను భలే పట్టారు కదూ!

అందుకే ఇలాంటి ఆటలకు 'అరగంటలో ఆపెయ్' అని చెబితే పని జరగదు. ప్రాణమ్మీదకొచ్చిన క్షణంలో అరగంట అయిందని కేకేస్తే ఏ పిల్లాడైనా 'ఒక్క నిమిషం' అనే అంటాడు. సమయం బదులు లెక్క పెట్టండి. మూడు నిమిషాల ఆట అయితే పదిసార్లు. పది మూళ్లు ముప్పై, అరగంట సరిపోయింది. 'ఇంకా ఎన్ని ఉన్నాయి?' అన్న లెక్క పిల్లల చేతిలోనే ఉంటుంది కాబట్టి గొడవ తగ్గుతుంది. హద్దు లేని ఆటలకంటే హద్దున్న ఆటల్ని ముందుగా ఎంచుకోవడం ఇంకా మంచిది.

మరో జాగ్రత్త. ఇలాంటి ఆటల్లో వెలుగులు ఎడాపెడా మెరుస్తుంటాయి. కొద్దిమందికి ఆ మెరుపుల వల్ల ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక పోకెమాన్ కార్టూను ఎపిసోడ్ చూసి వందలమంది పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. కారణం టీవీలో వేగంగా మారిన ఎరుపు, నీలం వెలుగులే. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందుగా డాక్టరును అడగాలి. మిగతావాళ్లు కూడా చీకటి గదిలో కాకుండా దీపం వేసుకుని, తెరకు కాస్త దూరంగా కూర్చుని ఆడటం మేలు.

అన్నట్టు, రెండో భాగాన్ని ఒకే తెరముందు నలుగురు కలిసి ఆడొచ్చు. పిల్లల్ని తిట్టేముందు ఒకసారి నాన్న కూడా రెండు పుల్లలు పట్టుకుని చూస్తే మంచిదే. ఓడిపోయే అవకాశాలు మెండు. అయినా పిల్లల చేతిలో ఓడిన నాన్న మాటకు ఆ తర్వాత విలువ పెరుగుతుందే గానీ తగ్గదు!

కొన్నా చేతికి రానిది

ఇంతమందిని అలరించిన ఆ కంపెనీ ఏమైంది? 2007లో బిజార్ క్రియేషన్స్‌ను అమెరికాకు చెందిన ఆక్టివిజన్ కొనేసింది. 2011 ఫిబ్రవరిలో మూసేసింది. పెద్ద కంపెనీల లెక్కలు వేరు. వాటికి ఐదు డాలర్ల ఆటలకంటే అరవై డాలర్ల ఆటల అమ్మకాలే కనిపిస్తాయి. అక్కడ పనిచేసిన కొందరు అదే లివర్‌పూల్‌లో 'లూసిడ్ గేమ్స్' పెట్టుకున్నారు. 2014లో 'జామెట్రీ వార్స్ 3: డైమెన్షన్స్' తయారుచేసింది వాళ్లే. ఈసారి మైదానం చదునుగా లేదు. గోళాలమీద, ఘనాలమీద నౌక నడపాలి.

2024 జులై 29న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 దుకాణాన్ని కూడా మూసేసింది. అంతకుముందు కొనుక్కున్నవాళ్లు తమ ఆటల్ని మళ్లీ దించుకోవచ్చని చెప్పింది. ఆ యంత్రంమీద కొత్తగా కొనాలంటే మాత్రం దారి లేదు. డౌన్‌లోడ్ సరుకుతో వచ్చే చిక్కే ఇది. అటకమీద పాత క్యాసెట్ ఉంటే ఎప్పటికైనా దుమ్ము దులిపి వాడుకోవచ్చు. స్నేహితుడికి ఇవ్వొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. నెట్‌లో కొన్నది అలా కాదు. డబ్బు మనం కట్టినా తాళం చెవి దుకాణందారు దగ్గరే ఉంటుంది. ఆటలకే కాదు... పాటలకూ, సినిమాలకూ, ఈ-పుస్తకాలకూ ఇదే వర్తిస్తుంది. పిల్లలు ఫోన్లో ఏదైనా కొంటామన్నప్పుడు ధరతోపాటు ఈ సంగతీ చెప్పడం అవసరం.

దుకాణానికి తాళం వేయొచ్చు గానీ రూలుకు తాళం వేయలేరు. అదీ అసలు ఊరట. 2022లో 'వాంపైర్ సర్వైవర్స్' అనే చిన్న ఆట విపరీతంగా ఆదరణ పొందింది. లూకా గలాంటే అనే ఇటలీ కుర్రాడు మొదలుపెట్టిన ఆట అది. అందులో ఆయుధాలు వాటంతటవే పేలతాయి. ఆడేవాళ్లు చేయాల్సింది కదలడం, చచ్చిన శత్రువులు వదిలిన రవ్వలు ఏరుకోవడం. కాల్చే పుల్లను తీసేసిన ఇంకో ఆట అన్నమాట. మళ్లీ ఒక్క రూలే మారింది. మళ్లీ కొత్త ఆట పుట్టింది.

పిల్లలే తయారుచేస్తే...

రూల్స్ మార్చడానికి పెద్ద కంపెనీయే కానక్కర్లేదు. పిల్లల కోసం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే తయారుచేసిన 'స్క్రాచ్' అనే ప్రోగ్రామింగ్ సాధనం ఉంది. 2007 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. రంగురంగుల దిమ్మెల్ని ఒకదానికొకటి తగిలిస్తే ప్రోగ్రాం తయారవుతుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు కాస్త సాయముంటే నేర్చుకోగలరు. ఒక నౌక, వెంటపడే నాలుగు చతురస్రాలు... సెలవు రోజుల్లో కూర్చుంటే చిన్నపాటి ఆట చేసేయొచ్చు.

అది పూర్తయ్యాక అసలు సరదా మొదలవుతుంది. తుపాకీ తీసేస్తే ఏమవుతుంది? ప్రాణాలు లెక్కలేనన్ని ఇచ్చి సమయం తగ్గిస్తే? ఒక్క మూలలోనే కాల్చనిస్తే? చెల్లెలికి ఒక రూలు, అన్నకు ఇంకో రూలు పెడితే? ప్రతి ప్రశ్నకూ ఒక కొత్త ఆట తయారవుతుంది. అప్పటిదాకా ఆటలు ఆడిన పిల్లలు ఆటల్ని చూడటం మొదలుపెడతారు. ఎవరు ఎందుకు ఏ రూలు పెట్టారో, అది తమచేత ఏం చేయిస్తోందో కనిపెడతారు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని లాగే కిటుకు కూడా అప్పుడే కంటపడుతుంది. కనిపెట్టినవాణ్ని కిటుకు అంత తేలిగ్గా లాగలేదు.

కాబట్టి ఈసారి పిల్లలు తెరముందు కూర్చున్నప్పుడు స్కోరెంత, ఇంకెంతసేపు అని అడగడం కాస్త తర్వాత. ముందుగా పక్కన కూర్చుని అడగాల్సింది ఒకటుంది... 'ఈ ఆటలో రూలేంటి? అది మారిస్తే ఏమవుతుంది?'